మామిడి తోపులో వెండి రూపాయలు: వెతికినప్పటి నుంచి ఖజానాకు అప్పగించేదాకా నా అనుభవం

మా తోపులో వెండి రూపాయలు బయటపడ్డాయని తెలిసినప్పటి నుంచి చుట్టాలూ, నా దగ్గర చదువుకున్న పిల్లలూ ఫోన్ చేసి రెండే అడుగుతున్నారు. మెటల్ డిటెక్టర్ మిషన్ ఎంతకు కొన్నారు? ఒక్కో రూపాయి ఎంతకు పోతుంది? ఎంత లోతులో దొరికాయి, ఏ నాణెం పక్కన ఏది ఉంది అని అడిగినవాళ్లు చాలా తక్కువ. నాకు మాత్రం అసలు సంగతంతా అక్కడే ఉంది. అందుకే ఏం చేశానో, కాగితాలు ఎలా నడిచాయో మొదటి నుంచి రాస్తున్నాను.

మాది చంద్రగిరికీ పాకాలకీ మధ్య ఒక పల్లె. నేను హైస్కూల్లో సోషల్ టీచర్ని. తోపు మా చిన్నాయనది. దాని తూర్పు అంచునే పాత బండ్ల బాట ఉండేది, ఇప్పుడు కంపచెట్లు మూసేశాయి. 1890ల తొలినాళ్లలో పాకాల మీదుగా రైలు వచ్చేదాకా చిత్తూరు వైపు నుంచి తిరుమల కొండకు పోయేవాళ్లు బండ్ల మీదా కాలినడకనా ఈ బాటలోనే చంద్రగిరి చేరి, శ్రీనివాస మంగాపురం దగ్గర శ్రీవారి మెట్టు ఎక్కేవాళ్లని మా పెద్దలు చెప్పేవాళ్లు. తోపులో ఒక దిగుడు బావి, దాని పక్కన చింతచెట్టు మొద్దు ఉన్నాయి. నీడా నీళ్లూ ఉన్నచోట మనుషులు ఆగుతారు. వండుకుంటారు, పడుకుంటారు. రొంటిన దోపుకున్నదో కొంగున ముడేసుకున్నదో జారి పడుతుంది. చీకట్లో బండి కట్టేటప్పుడు ఎవరు చూసుకుంటారు? బాటల మీదా సంతల మీదా పిల్లలకు పాఠం చెప్పేటప్పుడల్లా ఈ తోపే నా కళ్ల ముందు ఉండేది.

మిషన్ కొనక ముందు చట్టం చదివాను. మన జిల్లాలో చేతిలో మెటల్ డిటెక్టర్ కనిపిస్తే జనానికి ముందు గుర్తొచ్చేది గుప్త నిధుల ముఠాలే. పాడుబడిన గుళ్లలో అర్ధరాత్రి తవ్వి, నంది విగ్రహాలు పగలగొట్టినవాళ్ల కథలు ప్రతి మండలంలోనూ ఉన్నాయి. ఆ పని చేసేవాళ్ల మీద నాకు చెప్పలేనంత కోపం. వాళ్లకు కావలసింది ఎక్కడా దొరకదు, కానీ వెయ్యేళ్ల రాయి మాత్రం ముక్కలవుతుంది. చంద్రగిరి కోటలాగా కేంద్ర పురావస్తు శాఖ కాపాడుతున్న చోట్ల లైసెన్సు లేకుండా తవ్వడం 1958 చట్టం ప్రకారం నేరం. రాష్ట్రం కాపాడే కట్టడాలకు 1960 నాటి చట్టం వేరే ఉంది. కాబట్టి కోట చుట్టుపక్కలకు గానీ, గుడి దగ్గరికి గానీ, ఏటి గట్టున మండపాల దగ్గరికి గానీ మిషన్ తీసుకుపోకూడదని మొదటే అనుకున్నాను. మా సొంత పట్టా భూమి, అదీ చిన్నాయన రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే. ఇంట్లో మనిషికి కాగితమేమిటని ఆయన నవ్వాడు. ఆ కాగితం తర్వాత తహశీల్దార్ ఆఫీసులో ఎంతగానో పనికొచ్చింది.

వేసవి సెలవుల్లో మే నెల వానలు రెండు పడ్డాక మొదలుపెట్టాను. తడి మట్టిలో మిషన్‌కు నాణెం మాట బాగా వినిపిస్తుంది, పైగా ఎండిన ఎర్రనేలను చేతి పారతో తవ్వడం నరకం. డిటెక్టర్ చేసే పని తెలిస్తే వెతకడం సులువవుతుంది. కింద ఉండే తీగచుట్ట నేలలోకి మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. లోహం తగిలితే అందులో కరెంటు సుడులు తిరిగి, ఆ లోహం తన సొంత క్షేత్రాన్ని కాస్త ఆలస్యంగా తిరిగి పంపుతుంది. ఆ ఆలస్యం ఎంతన్నది లోహాన్ని బట్టి, దాని సైజును బట్టి మారుతుంది. మిషన్ దాన్ని అంకెగా చూపిస్తుంది. నా దాంట్లో వంద లోపు అంకెలు. ఇనుము అడుగున ఉంటుంది, వెండి రూపాయి ఎనభై దాటి పలుకుతుంది. వేరే కంపెనీ మిషన్‌లో అంకెలు వేరుగా ఉంటాయి, అందుకే ఈ అంకెను బట్టీ పట్టొద్దు. మీ దగ్గరున్న పాత వెండి నాణెం ఒకటి నేల మీద పెట్టి, మీ మిషన్ దాన్ని ఏమంటుందో చూసుకోండి. నేను మా అవ్వ పెట్టెలోని విక్టోరియా రూపాయితో అలాగే నేర్చుకున్నాను.

మా ఎర్రమట్టిలో ఇనుప ఖనిజం ఎక్కువ. నేలే మిషన్‌ను అరిపిస్తుంది. లోహమేమీ లేని చోట తీగచుట్టను పైకీ కిందికీ ఆడిస్తూ ఆ అరుపు తగ్గేదాకా సరిచేసుకోవాలి. గంట గంటకీ, బావి గట్టు నుంచి చెట్ల కిందికి మారినప్పుడల్లా మళ్లీ చేసుకోవాలి. విసుగ్గా ఉంటుంది గానీ అది చేయకపోతే లోతు సగానికి పడిపోతుంది.

దొరికినవాటిలో చాలా వరకు చెత్తే. ఎద్దుల లాడాలు, బండి చక్రం పట్టా మేకులు, విరిగిన కొడవలి మొన, మాత్రల రేకులు, పురుగుమందు సీసాల మూతలు, గుట్కా ప్యాకెట్ల రేకు. లాడాలను మాత్రం చెత్తలో వేయలేదు. అవి ఎక్కడ గుంపుగా వస్తున్నాయో గుర్తు పెట్టుకుంటూ పోతే, కంపచెట్ల కింద కనపడకుండా పోయిన బాట ఏ వంకన పోయిందో తెలిసింది. బండ్లు ఆగి ఎడ్లను విప్పిన చోటు బావికి ఉత్తరాన ఉంది. నాణేలన్నీ ఆ చుట్టుపక్కలే వచ్చాయి. అందుకే చెప్తున్నాను, ఇనుమును పూర్తిగా వినపడకుండా చేసి వెండి కోసమే తిరిగేవాళ్లకు సగం కథ తెలియదు.

చెట్లకు నంబర్లు వేసుకున్నాను. ఫోన్‌లో చూపించే చోటు కొన్ని మీటర్లు అటూ ఇటూ పోతుంది, ఒక చెట్టు కింద దొరికినది పక్క చెట్టు కింద దొరికినట్టు చూపిస్తుంది. అందుకని బావి గట్టు మూల నుంచీ, దగ్గరి చెట్టు నుంచీ టేపుతో కొలిచి నోట్‌బుక్‌లో రాసేదాన్ని. తేదీ, లోతు, మట్టి రంగు, పక్కన ఏముంది, అన్నీ. తీగచుట్టను అడ్డంగా తిప్పినా నిలువుగా తిప్పినా మిషన్ మాట ఒకేలా వస్తేనే తవ్వాను. గడ్డి పెళ్లను మూడు వైపులా కోసి మూతలా తెరిచి, పని కాగానే మూసి కాలితో నొక్కేయడం. చిన్నాయన తోపులో ఒక్క గుంత కూడా మిగలకూడదని నా పట్టుదల. మామిడి వేర్లు తగిలిన చోట ఎంత మంచి మాట వచ్చినా వదిలేశాను.

మొదట వచ్చినవి రాగివి. పచ్చగా చిలుం పట్టిన పావు అణాలు. ఆ తర్వాత వెండి. మొదటి వెండి నాణెం ఒక పావలా, రాణి తల అరిగిపోయి చెవి దగ్గర జడ మాత్రం కనిపించేది. తవ్విన మట్టిలో రాగి పచ్చగా దాక్కుంటుంది, వెండి అలా కాదు, ఎర్రమట్టిలో ఆ తెలుపు ఒక్కసారిగా కంటికి కొడుతుంది. చేతులు వణికాయి. దాన్ని తుడవకుండా మట్టితోనే కాగితపు కవరులో వేసి, కవరు మీద నంబరు రాశాను.

తుడవడం గురించి మా ఇంట్లో పెద్ద వాదనే జరిగింది. అవ్వ చింతపండూ విభూతీ తెచ్చి పెట్టింది.

"ఇయ్యి పెట్టి రుద్దితే ఎట్ల మెరుస్తాదో చూడు పాపా. మీ తాత తెచ్చిన రూపాయలన్నీ పండక్కి నేనే తోమేదాన్ని."

"అవ్వా, రుద్దితే పైనుండే పొర పోతాది. ఆ పొరే దీని వయసుకు సాక్ష్యం."

అవ్వ ఒప్పుకోలేదు గానీ రుద్దలేదు కూడా. చింతపండు పులుపు వెండిలో కలిసిన రాగిని తినేస్తుంది, విభూతి రుద్దితే అక్షరాల అంచులు అరుగుతాయి. మట్టి వదలాలంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టడం ఒక్కటే నేను చేసింది, అదీ అంకె చదవలేని విడి నాణేలకే.

విడిగా దొరికినవాటిలో నా మనసు పట్టుకున్నది ఆర్కాటు రూపాయి. దాని మీద పార్శీ అక్షరాలు, ఒక చిన్న తామరపువ్వు గుర్తు. ఆ తామర మద్రాసు టంకసాలది, అంటే నాణేలు కొట్టే చోటుది. అందులో మొఘల్ చక్రవర్తి రెండో ఆలంగీర్ పేరు ఉంటుంది, హిజ్రీ 1172 అని ఉంటుంది. ఆ లెక్కన 1758-59 అవుతుంది. అలాగని ఆ ఏడాదే కొట్టిందని అనుకోకూడదు. ఈస్టిండియా కంపెనీవాళ్లు అదే ఏడాదిని నాణెం మీద అట్టే ఉంచి పందొమ్మిదో శతాబ్దంలోకి కూడా కొడుతూ వచ్చారు. 1818 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో లెక్కలు వరహాలనే బంగారు నాణేల్లో, ఒక వరహాకు మూడున్నర రూపాయలు. ఆ ఏడాది రూపాయినే ప్రమాణంగా తీసుకున్నారు. 180 గ్రెయిన్ల బరువు, పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు వెండి. 1835 చట్టంతో కంపెనీ ఏలుబడి అంతటికీ అదే కొలత వచ్చింది. గ్రాముల్లో 11.66. తిరుపతిలో మాకు తెలిసిన ఆచారి తరాజులో పెడితే నా ఆర్కాటు రూపాయి దానికి కొంచెం తక్కువ తూగింది. తగ్గినంతా చేతులు మారి అరిగిన వెండి. ఆ రూపాయిని ఎంతమంది లెక్కపెట్టి ఉంటారో!

ఇక అసలు మూట సంగతి. చింత మొద్దుకు మూడు బారల దూరంలో మిషన్ గట్టిగా, వెడల్పుగా పలికింది. ఆరేడు అంగుళాల కింద ఒక రూపాయి. దాన్ని తీయకముందే దాని పక్కన ఇంకో అంచు కనిపించింది. అక్కడితో పార పక్కన పెట్టేశాను. ఒకటి పోగొట్టుకున్నది అవుతుంది, రెండు మూడు ఒకచోట ఉంటే ఎవరో ఉంచినవి అవుతాయి. స్కేలు పక్కన పెట్టి ఫోటోలు తీసి, పైన టార్పాలిన్ కప్పి చిన్నాయనను పిలిచాను.

ఆయన చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి, "ఎందుకొచ్చిన గొడవ పాపా? గవర్మెంటోళ్లకి చెప్తే పోలీసులొస్తారు, పేపరోళ్లొస్తారు, రేపు రాత్రికి దొంగనాబట్టలొచ్చి తోపంతా తవ్వేస్తారు. ఇచ్చింది మళ్లీ వస్తాదా?" అన్నాడు.

ఆయన భయం తప్పని నేననను. భూమిలో ఏదో ఉందన్న మాట ఊళ్లో పుడితే చెట్లు మిగలవు. కానీ ఇది దాచిపెడితే వచ్చే ప్రమాదం అంతకన్నా పెద్దది. అక్కడే మొద్దు మీద కూర్చుని 1878 నాటి నిధుల చట్టం ఆయనకు చదివి వినిపించాను. నేలలో దాగి ఉన్న, విలువ గల ఏ వస్తువైనా దాని లెక్కలో నిధే. విలువ పది రూపాయలు దాటితే దొరికినవాళ్లు కలెక్టరుకు రాతపూర్వకంగా చెప్పాలి: ఏం దొరికింది, ఎంత, ఎక్కడ, ఏ తేదీన. తర్వాత దగ్గరి ప్రభుత్వ ఖజానాలో అప్పగించాలి, లేదా అడిగినప్పుడు చూపిస్తామని పూచీ ఇవ్వాలి. చెప్పకుండా దాచినవాళ్లకు ఏడాది దాకా జైలు, వాళ్ల వాటా ప్రభుత్వానికి పోతుంది. తెలిసి సహకరించిన భూమి యజమానికి ఆరు నెలలు. సక్రమంగా చెప్పి, ఎవరూ హక్కుదారులు లేరని తేలితే, వేరే ఒప్పందమేదీ లేనప్పుడు నాలుగింట మూడు వంతులు దొరికినవాళ్లకు, ఒక వంతు భూమి యజమానికి. ప్రభుత్వమే ఉంచుకోవాలనుకుంటే లోహం విలువకు అయిదో వంతు కలిపి చెల్లిస్తుంది.

"అంటే మనకు ఊరికే పోదు," అన్నాడు చిన్నాయన. ఇద్దరం చెరి సగం అని అప్పుడే అనుకున్నాం, తర్వాత స్టాంపు పేపరు మీద రాసుకున్నాం.

ఆ రాత్రి ఆయనా మా తమ్ముడూ మంచం వేసుకుని తోపులోనే పడుకున్నారు. తెల్లారగానే వీఆర్వోకు చెప్పాం. తలారి వచ్చాడు, వీఆర్వో వచ్చాడు, మధ్యాహ్నానికి తహశీల్దార్ ఆఫీసు నుంచి మనిషి వచ్చాడు. పురావస్తు శాఖలో ఒకరితో ఫోన్‌లో మాట్లాడితే, విడివిడిగా పెరకకుండా మట్టి పెళ్లతో సహా ఎత్తమన్నారు. చుట్టూ కాలువ తీసి, అడుగున రేకు దోపి, ఒక్క ముద్దగా ఎత్తి పళ్లెంలో పెట్టాం. జానెడు మేరలో తొమ్మిది రూపాయలు, మూడు అర్ధ రూపాయలు. కుండ పెంకు ఒక్కటి కూడా లేదు. రెండు రూపాయలు అతుక్కుని ఉన్నాయి, వాటి మధ్య పచ్చటి చిలుంలో సన్నటి నూలు పోగులు! వెండిలో కలిసిన రాగి చిలుం కట్టి ఆ పోగుల్ని కుళ్లకుండా కాపాడింది. అవి ఏ గుడ్డవో, ఎవరు ముడేశారో తెలిసే దారి లేదు, కానీ అది మూట అని చెప్పే సాక్ష్యం అదొక్కటే. ఎవరైనా ఆ రెండు రూపాయల్ని వేరుచేసి తోమి ఉంటే అది పోయేది.

అవ్వ మాత్రం అది ముడుపే అంటుంది. పసుపు గుడ్డలో మొక్కు రూపాయి కట్టి కొండకు తీసుకుపోవడం ఆమెకు తెలిసిన సంగతి. "సామికి కట్టింది పోగొట్టుకుని ఆ తల్లి ఎంత ఏడ్చిందో" అని రెండు రోజులు బాధపడింది. నాకు దారి ఖర్చుకు తెచ్చుకున్న డబ్బులేమో అనిపిస్తుంది, ముడుపుకు అర్ధ రూపాయలు ఎందుకు కలుపుతారు? పంచనామాలో మాత్రం ఇద్దరి ఊహలూ రాయించలేదు. కనిపించినదే రాయించాను.

నాణేలు చదవడం ఆ మధ్యాహ్నం నాకు దక్కిన పండగ. ఒకటి 1835 నాటి విలియం రూపాయి. ఇంగ్లండు రాజు నాలుగో విలియం అని చెప్పడానికి నాలుగు నిలువు గీతలు పక్కపక్కనే ఉంటాయి. కొన్ని 1840వి. ఈ 1840 కూడా మోసం చేసే అంకె. విక్టోరియా పేరు తల చుట్టూ తెగకుండా సాగిన రకం ముందుది, తలకు ఇటొక మాట అటొక మాటగా విడిపోయిన రకం తర్వాతది, రెండింటి మీదా 1840 అనే ఉంటుంది. 1862 వరకూ ఇవే కొడుతూ వచ్చారు. 1862 రూపాయలదీ అదే కథ, ఆ అంకెను అట్టే ఉంచి 1874 దాకా కొట్టారు, ఏ ఏడాదివో టంకసాలవాళ్లు చిన్న చుక్కలతో గుర్తు పెట్టుకున్నారు. 1874 నుంచి ఏడాది నిజంగా మారడం మొదలైంది, 1877 నుంచి క్వీన్ (రాణి) అన్న మాట పోయి ఎంప్రెస్ (చక్రవర్తిని) వచ్చింది. మా మూటలో ఎంప్రెస్ రూపాయి ఒక్కటే, 1880. అంటే మూట నేలలో పడింది 1880 తర్వాతే. నాణేల మీది అరుగుదల చూస్తే మరీ తర్వాత కూడా కాదేమో. పాకాలకు రైలు రాకముందు బండ్ల బాట ఇంకా నడుస్తున్న రోజులు అవి. ఇవే రూపాయలు విడివిడిగా అంగట్లో దొరికితే ఈ మాట చెప్పగలమా? 1840 రూపాయి ఒక 1840 రూపాయి, అంతే.

ఇంక ధర సంగతి, అడిగారు కాబట్టి. పాత రూపాయికి లక్షలిస్తామని ఫోన్‌లో తిరిగే ప్రకటనలు నమ్మకండి. ముందుగా రిజిస్ట్రేషన్ ఫీజు పంపమంటారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తరు. 1840, 1862 రూపాయలు లెక్కలేనన్ని కొట్టారు, అరిగినవాటికి వెండి ధర కంటే కొంచెం ఎక్కువ వస్తుంది. అయిదో జార్జి తర్వాతవి అయితే ఇంకో మాట గుర్తుంచుకోవాలి. 1940 నుంచి రూపాయిలో వెండి సగానికి తగ్గింది. 1947 రూపాయి చూడ్డానికి తెల్లగానే ఉంటుంది గానీ అది నికెల్. వందేళ్లు దాటిన నాణేలు 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి, దేశం బయటికి పంపడం నేరం. ఇది తెలియక దుబాయిలో ఉన్న కొడుక్కి కొరియర్ చేయబోయిన పెద్దాయన ఒకరు మా ఊళ్లోనే ఉన్నారు.

కలెక్టరుకు ఇచ్చిన నోటీసుకు నా నోట్‌బుక్ పేజీలు, చెట్ల నంబర్ల పటం, ఫోటోలు, చిన్నాయన ఒప్పుకోలు కాగితం జతచేశాను. విడిగా దొరికినవాటినీ కలిపి రాశాను, ఏదీ మినహాయించలేదు. ఒక కాపీ మీద అందినట్టు స్టాంపు వేయించుకున్నాను. మా మండలం 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లా కాబట్టి నోటీసు తిరుపతి కలెక్టరేటుకు పోవాలి. పాత అలవాటు కొద్దీ చిత్తూరు పొమ్మన్నవాళ్లూ ఉన్నారు. నాణేలు తూకం వేసి, సీలు వేసి ఖజానాలో పెట్టారు. సీలు మీద మా ఇద్దరి సంతకాలు ఉన్నాయి. చేతిలోంచి పోయేటప్పుడు బాధ అనిపించలేదా అని అడిగారు ఒకరు. అనిపించింది. ఆర్కాటు రూపాయి కోసం మరీ అనిపించింది.

ఆ తర్వాత ప్రకటన. హక్కుదారులెవరైనా ఉంటే ఫలానా రోజు రావాలని, ఆ రోజు ప్రకటనకు నాలుగు నెలల తర్వాత, ఆరు నెలల లోపు ఉండాలని చట్టం. మా ఊరి చావడి దగ్గర కూడా అంటించారు. జనం గుమిగూడి చదివారు, కొన్నాళ్లు తోపు వైపు అనుమానంగా చూశారు. నేను బడిలో ఒక పీరియడ్ మొత్తం ఆ ప్రకటననే పాఠంగా చెప్పాను, ఫోటోలు చూపించాను. పిల్లలు ఇళ్లకు పోయి చెప్పాక ఊళ్లో గుసగుసలు తగ్గాయి. దాచిన సంగతి కాదని తెలిసినప్పుడు తవ్వడానికి వచ్చేవాడికి ఏముంటుంది?

విచారణ డిసెంబరులో జరిగింది. హక్కు చెప్పుకుంటూ ఎవరూ రాలేదు. ఏది ఏమైనా మూటను విడదీయొద్దనీ, దొరికిన చోటు వివరాల కాగితం నాణేలతో పాటే ఎక్కడికైనా పోవాలనీ రాసిచ్చాను. ప్రభుత్వం తీసుకుని మ్యూజియంలో పెడితే మాకు మరీ సంతోషం, ఆ మాటా రాశాను. చిన్నాయన కూడా సంతకం పెట్టాడు. తుది ఉత్తర్వు ఇంకా రావాలి.

తోపు పడమటి సగం మిగిలి ఉంది. అక్కడ లేత మొక్కల మధ్య వేసిన చెనక్కాయ పీకడం అయిపోయింది, ఈశాన్య వానలకు నేల ఇంకా మెత్తగానే ఉంది. సంక్రాంతి సెలవుల్లో మొదలుపెడతాను. బాట అటు కూడా పాయ చీలిందని నా అనుమానం. లాడాలు ఎటు పోతే అటు పోతాను.